వెబ్‌లో ప్రమాణం ఏది: గ్రంథమా, ఆచారమా, బలమా?

వెబ్‌కు రాజు లేడు. ఒక పేజీ ఎలా కనిపించాలో, ఒక బటన్ నొక్కితే ఏం జరగాలో చెప్పే నిర్దేశ పత్రాలు ఉన్నాయి గానీ, వాటిని పాటించనివారిని శిక్షించే అధికారం ఎవరి చేతిలోనూ లేదు. అయినా రోజూ లెక్కలేనన్ని పేజీలు, రాసినవారు ఎన్నడూ చూడని యంత్రాల మీద, ఎన్నడూ కలవని మనుషుల ముందు దాదాపు ఒకే తీరున తెరుచుకుంటున్నాయి. శిక్ష లేని చోట నియమం ఎలా నిలుస్తోంది? నిర్దేశ పత్రం ఒకటి చెప్పి, బ్రౌజర్ మరొకటి చేసి, లోకంలో ఉన్న పేజీలు మూడోదాన్ని నమ్ముకుని ఉంటే, ఆ మూడింటిలో దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి? వెబ్ డెవలపర్లు దీన్ని సాంకేతిక వివాదంగా వాదించుకుంటారు. ధర్మశాస్త్రాలు మాత్రం తమ మొదటి పుటల్లోనే ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి.

తెలుగునాట వైదిక కుటుంబాల్లో చాలావరకు అనుసరించే ఆపస్తంబ సూత్రంలో ధర్మభాగం ఈ విచారంతోనే మొదలవుతుంది. ధర్మం తెలిసినవారు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం ప్రమాణమని ఆపస్తంబుడు ముందు చెప్పి, వేదాలను ఆ తర్వాత పేర్కొంటాడు. ఈ వరుస తరవాతి పండితులకు కొంత ఇబ్బంది కలిగించింది. ఒప్పందానికి కూడా మూలం వేదమేనని వ్యాఖ్యాతలు సమన్వయం చేశారు. సూత్రం చివర మరో విశేషం ఉంది. గ్రంథంలోకి రాని మిగిలిన ధర్మాలను స్త్రీల నుంచి, అన్ని వర్ణాలవారి నుంచి తెలుసుకోవాలన్న కొందరి మతాన్ని ఆపస్తంబుడు నమోదు చేశాడు. గ్రంథకర్తే తన గ్రంథం వెలుపల ధర్మం ఉందని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

బౌధాయనుడు ఇంకో అడుగు ముందుకు వెళ్లాడు. దక్షిణాదివారి ఆచారాలు ఐదు, ఉత్తరాదివారివి ఐదు చెప్పి, రెండు వైపులా విప్రతిపత్తి, అంటే భేదాభిప్రాయం, ఉందన్నాడు. దక్షిణాది జాబితాలో మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్లాడటం ఉంది. తెలుగువారి మేనరికం అంత పాతది. ఉత్తరాది జాబితాలో ఉన్ని అమ్మకం, ఆయుధాల వృత్తి వంటివాటితో పాటు సముద్రయానం కూడా ఉంది. ఏ దేశపు ఆచారం ఆ దేశంలో చెల్లుతుంది, మరో దేశంలో చేస్తే దోషం అన్నది ఒక పక్షం. అది తప్పని గౌతముడి పేరుతో వెంటనే ఆక్షేపణ వస్తుంది. జైమిని మీమాంస సూత్రాల్లో ఇదే చర్చ ఇంకా పదునుగా సాగింది. తూర్పుదేశీయులు మాత్రమే జరుపుకునే హోలాక వంటి ఉత్సవానికి మూలంగా ఒక విధిని ఊహిస్తే, ఆ విధి తూర్పువారికే పరిమితమా? కాదని సిద్ధాంతం. విధి అంటూ ఉంటే అది అందరికీ వర్తించాలి. ఒక ప్రాంతం గీత గీసి ధర్మాన్ని అక్కడే ఆపలేం.

ఈ చర్చను చేతిలో పెట్టుకుని వెబ్ చరిత్రను చూస్తే చాలా సంగతులు విప్పుకుంటాయి.

వెబ్ పుట్టుకలోనే ఒక దానం ఉంది. ఇంగ్లండుకు చెందిన టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో పనిచేస్తూ 1989లో దీన్ని ప్రతిపాదించారు, 1990లో మొదటి బ్రౌజర్ రాశారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేర్‌ మీద తన హక్కులు వదులుకుని లోకానికి ఇచ్చేసింది. అదే ఏడాది మిన్నెసోటా విశ్వవిద్యాలయం తన గోఫర్ వ్యవస్థకు రుసుము వసూలు చేస్తామని ప్రకటించడంతో చాలామంది వెబ్ వైపు మళ్లారు. 1994లో బెర్నర్స్-లీ అమెరికా వెళ్లి ఎంఐటీలో డబ్ల్యూ3సీ అనే మండలిని స్థాపించారు. ఆ మండలి తన తుది పత్రాలకు చట్టమనో ఆజ్ఞ అనో పేరు పెట్టలేదు. సిఫారసులు అంది. ఆపస్తంబుడి ఒప్పందానికి ఇంతకన్నా దగ్గరి పోలిక ఆధునిక కాలంలో దొరకడం కష్టం.

కానీ ఒప్పందానికి ముందే ఆచారం పరుగెత్తింది. నెట్‌స్కేప్ బ్రౌజర్ మెరిసే అక్షరాల ట్యాగ్ తెచ్చింది, మైక్రోసాఫ్ట్ పాకే అక్షరాల ట్యాగ్ తెచ్చింది. 1995 మేలో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్‌లో పది రోజుల్లో తొలి రూపం ఇచ్చిన జావాస్క్రిప్ట్‌కు ప్రమాణ పత్రం వచ్చింది 1997లో. ముందు వాడుక, తరవాత వ్యాకరణం. వాడుకలో స్థిరపడిన తప్పు కూడా ప్రమాణం కాగలదనడానికి గట్టి సాక్ష్యం ఉంది. ఒక పేజీకి పాఠకుడు ఎక్కడి నుంచి వచ్చాడో సర్వర్‌కు చెప్పే ‘రిఫరర్’ అనే శీర్షికలో, పత్రం రాసినప్పుడు ఇంగ్లీషు వర్ణక్రమం ఒక అక్షరం తప్పిపోయింది. అప్పటికే ప్రోగ్రాములు ఆ తప్పు రూపాన్నే వాడుతుండటంతో 1996 నాటి హెచ్‌టీటీపీ పత్రం దాన్ని అలాగే ఉంచింది. ఈ రోజుకూ సరిగా రాస్తే పనిచేయదు, తప్పుగా రాస్తేనే పనిచేస్తుంది. పాణినికి లొంగని ఋషుల వాడుకను సంస్కృత పండితులు ఆర్ష ప్రయోగమని గౌరవించి వదిలేస్తారు, దిద్దరు. ఇక్కడా అదే వివేకం పనిచేసింది.

గ్రంథాన్ని ఆచారం మీద నిలబెట్టాలన్న గొప్ప ప్రయత్నం, పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషకు కఠిన రూపమైన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్. 2000 జనవరిలో దాని మొదటి పత్రం వచ్చింది. దాన్ని నిజంగా దాని కఠిన ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలోనే పంపితే, పేజీలో ఒక్క ట్యాగ్ మూయడం మరిచినా బ్రౌజర్ పేజీని చూపడం ఆపి దోషం ప్రకటించాలి. శుద్ధి కోరేవారికి ఇది నచ్చింది. కానీ దోషం చేసింది రచయిత, శిక్ష పడేది పాఠకుడికి. ఈ అన్యాయాన్ని ఆ పత్రం పట్టించుకోలేదు. పైగా ఆనాడు అందరి దగ్గరా ఉన్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ పద్ధతిని గుర్తించనే లేదు. 2004లో మొజిల్లా, ఒపెరా సంస్థలు ఉన్న హెచ్‌టీఎంఎల్‌నే పెంచుదామని డబ్ల్యూ3సీకి ప్రతిపాదించాయి. అది తిరస్కరణకు గురైంది. ఆపిల్‌తో కలిసి వాళ్లు వాట్‌డబ్ల్యూజీ అనే వేరు కూటమి పెట్టుకున్నారు. 2009లో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రెండో రూపం పని ఆగిపోయింది, 2014లో హెచ్‌టీఎంఎల్5 సిఫారసు అయింది, 2019లో రెండు పక్షాలూ ఒక్క పత్రం మీదే కలిసి పనిచేస్తామని ఒప్పందం రాసుకున్నాయి.

హెచ్‌టీఎంఎల్5లో లోతైన మార్పు కొత్త ట్యాగుల్లో లేదు. తప్పుగా రాసిన పేజీని ఎలా చదవాలో అది అక్షరం అక్షరంగా నిర్దేశించింది. అందుకోసం సంపాదకుడు ఇయాన్ హిక్సన్ అప్పటి బ్రౌజర్లు చెడిన పేజీలతో ఏం చేస్తున్నాయో పరిశీలించి, ఆ ఆచారాన్నే గ్రంథంలోకి ఎక్కించారు. తప్పులో ఉన్నవాడిని వెలివేయడం వదిలి, అతని మాట అందరూ ఒకే విధంగా అర్థం చేసుకునే దారి చూపడం, నైతికంగా చూసినా పెద్ద అడుగు.

ఆ కాలపు హెచ్‌టీఎంఎల్ రూపకల్పన సూత్రాల్లో ఒక మెట్ల వరుస ఉంది. ఇద్దరి ప్రయోజనాలు ఢీకొన్నప్పుడు ముందు పాఠకుడిని చూడాలి, తరవాత పేజీ రాసినవాడిని, తరవాత బ్రౌజర్ తయారుచేసేవాడిని, తరవాత పత్రం రాసేవాడిని, అందరికన్నా చివర సిద్ధాంత శుద్ధిని. శాస్త్రం రాసేవారే తమను కింది మెట్టున నిలబెట్టుకోవడం ఏ సంప్రదాయంలోనైనా అరుదు. 2018లో దీనికి పరీక్ష వచ్చింది. జావాస్క్రిప్ట్‌లో జాబితాలను చదును చేసే కొత్త విధానానికి ‘ఫ్లాటెన్’ అని పేరు పెట్టబోయారు. మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరును తన తీరులో వాడుకుంటోంది కాబట్టి, దాన్ని నమ్ముకున్న పాత సైట్లు చెడిపోతాయని తేలింది. ఆ సైట్ల యజమానుల్లో చాలామందికి ఈ చర్చ జరుగుతోందని కూడా తెలిసి ఉండదు. జావాస్క్రిప్ట్ ప్రమాణాన్ని నిర్ణయించే సంఘం పేరును ‘ఫ్లాట్’గా మార్చుకుంది. సభలో గొంతు లేనివారి కోసం సభ తగ్గడం ధర్మమనిపించుకుంటుంది.

పనిముట్ల చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. 2006లో వచ్చిన జేక్వెరీ, బ్రౌజర్ల మధ్య ఉన్న తేడాలను తన లోపల దాచి డెవలపర్‌కు ఒకే భాష ఇచ్చింది. విరుద్ధంగా కనిపించే వాక్యాలకు సమన్వయం చెప్పే భాష్యకారుడి పని అది. పేజీలోని భాగాలను ఎంచుకునేందుకు అది ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి తరవాత బ్రౌజర్లలోనే సహజంగా చేరింది, ఆ మేరకు లైబ్రరీ అవసరం తీరిపోయింది. అదే ఏడాది ఫైర్‌ఫాక్స్ కోసం వచ్చిన ఫైర్‌బగ్, పేజీ లోపల ఏం జరుగుతోందో చూపింది. ఈ రోజు ప్రతి ప్రధాన బ్రౌజర్‌లోనూ డెవలపర్ టూల్స్ ఉన్నాయి. వీటి మేలు కాదనలేనిది. అయితే డెవలపర్ ఏ బ్రౌజర్ పనిముట్లకు అలవాటు పడితే ఆ బ్రౌజర్ ప్రవర్తనే సత్యమని అనుకోవడం మొదలుపెడతాడు. తన ఊరి ఆచారాన్నే వేదమనుకోవడం అక్కడ మొదలవుతుంది.

సత్యం మాట వచ్చింది కాబట్టి ఒక చిక్కు సంగతి చెప్పుకోవాలి. ప్రతి బ్రౌజర్ సర్వర్‌కు తన పేరు చెబుతుంది. క్రోమ్ చెప్పే పేరులో మొజిల్లా, ఆపిల్ వెబ్‌కిట్, కేహెచ్‌టీఎంఎల్, గెక్కో, సఫారీ, అన్నీ ఉంటాయి. అక్షరాలా చూస్తే అబద్ధం. కారణం పాతది. ఫ్రేములు చూపగలిగిన నెట్‌స్కేప్ తనను మొజిల్లా అని చెప్పుకునేది. సర్వర్లు ఆ పేరు విన్నవారికే మంచి పేజీ పంపేవి. తన పాఠకులకూ ఆ పేజీ దక్కాలని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తానూ మొజిల్లా అంది. తరవాత వచ్చిన బ్రౌజర్లు చాలావరకు ముందువాటి పేర్లు తగిలించుకున్నాయి. మహాభారతం కర్ణపర్వంలో కౌశికుడి కథ ఉంది. సత్యవ్రతం పేరుతో దొంగలకు దారి చెప్పి, పారిపోతున్నవారి చావుకు కారణమై నరకానికి పోయాడు. మాటలోని నిజం కన్నా దాని ఫలం బరువైనదని కృష్ణుడు అర్జునుడికి ఆ కథ చెబుతాడు. ఆ కొలతతో చూస్తే బ్రౌజర్ అబద్ధం పాఠకుడిని గుమ్మం బయట నిలబడనీయకుండా కాపాడింది. దోషం గుమ్మం దగ్గర ‘నువ్వెవరు?’ అని అడిగినవారిది. ‘నీకు ఏం చేతనవును?’ అని అడిగి, దానికి తగ్గట్టు పేజీ ఇవ్వడం మంచి డెవలపర్లు ఎప్పటినుంచో చెబుతున్న మార్గం. దాన్ని పాటించనివారు ఇంకా చాలామంది ఉన్నారు.

గ్రంథం, ఆచారం మధ్య తగవు చివరికి సర్దుకుంటుంది. సర్దుకోనిది బలం. 2001లో ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చాక పోటీ దాదాపు మాయమైంది, తరవాతి రూపానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. దక్షిణ కొరియా అనుభవం మరింత కఠినం. 1990ల చివర ఆ దేశం సొంతంగా రూపొందించుకున్న సీడ్ అనే గూఢలిపి పద్ధతిని, ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే నడిచే యాక్టివ్‌ఎక్స్ ద్వారా బ్యాంకుల సైట్లలో అమర్చడంతో, డబ్బు పంపాలన్నా సరుకు కొనాలన్నా ఎక్స్‌ప్లోరర్ తప్పనిసరి అయింది. ఆ కట్టు వదిలించుకోవడానికి ఒక దశాబ్దం చాలలేదు. ఒక సంస్థ అలవాటు ఒక జాతి మీద విధిగా కూర్చుంది. 2013లో ఒపెరా, పేజీని చదివి తెర మీద చూపే తన సొంత ఇంజిన్‌ను వదిలేసింది, 2020లో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం మీదికి మారింది. బ్రేవ్, వివాల్డీ, సామ్‌సంగ్ బ్రౌజర్ కూడా ఆ ఇంజిన్‌వే. ప్రధానంగా వేరుగా నిలిచినవి ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెక్కో. ఐఫోన్‌లో ఏళ్ల తరబడి వెబ్‌కిట్ తప్ప మరో ఇంజిన్‌కు చోటు లేదు కాబట్టి, ఆ వైవిధ్యమూ పూర్తిగా స్వేచ్ఛతో నిలిచిందని చెప్పలేం.

ఒకే ఇంజిన్ అయితే నష్టమేమిటి, పని సులువవుతుంది కదా అని అడిగే డెవలపర్లు ఉన్నారు. దీనికి జవాబు 2010లో దొరికింది. బ్రౌజర్ లోపలే డేటాబేస్ ఉంచే వెబ్ ఎస్‌క్యూఎల్ అనే పత్రం మీద పని సాగుతోంది, అమలు చేసిన బ్రౌజర్లూ ఉన్నాయి. కానీ అవన్నీ ఎస్‌క్యులైట్ అనే ఒకే సాఫ్ట్‌వేర్‌ను లోపల పెట్టుకున్నాయి. స్వతంత్రంగా అమలు చేసిన రెండోవారు లేరు కాబట్టి పత్రాన్ని ముందుకు తీసుకుపోలేమని డబ్ల్యూ3సీ ఆపేసింది. ఆ నిర్ణయం వెనక ఉన్న తర్కం చాలా విలువైనది. పత్రం చదివి ఇద్దరు వేరువేరుగా ఒకే ఫలితానికి వస్తేనే ఆ పత్రం అర్థం నిలిచినట్టు. ఒక్కరే ఉంటే వారు చేసిందే అర్థం, వారి పొరపాటే ధర్మం. హోలాక చర్చలో మీమాంసకులు చేరిన చోటుకే ఇదీ చేరింది: విధి అనిపించుకోవాలంటే అది ఒక ప్రాంతంవారి అలవాటుగా మిగలకూడదు. ఆపస్తంబుడు చెప్పిన ఒప్పందానికీ కనీసం ఇద్దరు కావాలి. ఒక్కరి ఇష్టానికి ఒప్పందమని పేరు పెట్టలేం.

తెలుగు పాఠకుడికి ఇది దూరపు సంగతి కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’ చేరిన ఒక తెలుగు అక్షర సముదాయం ఐఫోన్ తెర మీదికి వస్తే చాలు, దాన్ని చూపుతున్న యాప్ కూలిపోయేది. అక్షరాలను పేర్చే ఆపిల్ వ్యవస్థలో ఉన్న లోపం అది. కొద్ది రోజుల్లో సరిదిద్దారు. వేరే వ్యవస్థ వాడే ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆ ఇబ్బంది రాలేదు. లోకమంతా ఒకే వ్యవస్థ మీద ఉండి ఉంటే ఆ రోజుల్లో తెలుగు అక్షరం అన్ని తెరల మీదా ప్రమాదమయ్యేది. అంతకుముందు, యూనికోడ్ స్థిరపడని కాలంలో, తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటీ సొంత ఫాంటుతో, సొంత సంకేతాలతో ఉండేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్ కోసం వచ్చింది. రెండో బ్రౌజర్ ఉండటం వల్ల, దానికి బయటివారు చేర్పులు చేసుకోగలగడం వల్ల సాధ్యమైన మేలు అది. ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాయడానికి వాడిన ఆర్‌టీఎస్ పద్ధతి పేరులో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడికి చదువుకోవడానికి వెళ్లిన తెలుగువారి కృషి అది.

ఇక్కడ పరదేశంలో పని అనే ప్రశ్న వస్తుంది. సముద్రయానం పతనహేతువని బౌధాయనుడు మరోచోట రాశాడు. 1888లో గాంధీ లండన్ బయలుదేరినప్పుడు కులపెద్దలు ఆయనను వెలివేశారు. ఇవాళ హైదరాబాద్ దగ్గరి చిలుకూరు బాలాజీ ఆలయంలో వీసా కోసం 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108 ప్రదక్షిణలు చేసేవారు కనిపిస్తారు. నిషేధమైనది మొక్కుగా మారింది. గ్రంథం ఆచారానికి దారి ఇచ్చింది, ఇవ్వడం మంచిదే. అయితే ప్రయాణం చేయవచ్చా అన్న ప్రశ్న తీరినంత మాత్రాన, వెళ్లినచోట ఎలా మెలగాలన్న ప్రశ్న తీరదు.

అమెరికాలో చాలామంది తెలుగు డెవలపర్లు పనిచేసే హెచ్-1బీ వీసా 1990 నాటి చట్టంతో వచ్చింది. ఏటా 65,000, అక్కడ పైచదువు చదివినవారికి మరో 20,000. ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి 60 రోజుల దాకా గడువు. స్థిరనివాసానికి ఒక్కో దేశంవారికి 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయుల నిరీక్షణ ఏళ్లకు ఏళ్లు సాగుతోంది. ఇలాంటి స్థితిలో ఉన్న ఉద్యోగి, ‘ఈ సైటు ఒక్క బ్రౌజర్‌లోనే పనిచేస్తోంది, ఇది తగదు’ అని పైవారికి చెప్పడం సులువు కాదు. అప్పగించిన పని చేయడమే స్వధర్మమని సరిపెట్టుకోవడం మామూలు. కానీ గీత కర్మను స్వధర్మంతో మాత్రమే కొలవలేదు, లోకసంగ్రహాన్నీ దానికి తోడుగా నిలిపింది. పని లోకాన్ని కలిపి ఉంచాలి. జీతం ఇచ్చేవారి పట్ల విధేయత ఆ కొలతకు లోబడే ఉంటుంది. చెప్పలేని స్థితిలో ఉన్నవారిని నిందించడం న్యాయం కాదు. చెప్పగలిగి ఊరుకున్నవారిని సమర్థించడమూ న్యాయం కాదు.

పనిచేసే చోటు చూపును కూడా దిద్దుతుంది. విదేశీ కార్యాలయంలో ఇంగ్లీషు అక్షరాలు చూసి వరుసల మధ్య ఎడం నిర్ణయిస్తే, తెలుగులో కింది వత్తులు తెగిపోతాయి లేదా తరవాతి వరుసను తాకుతాయి. వేగమైన యంత్రం మీద పరీక్షించిన పేజీ చవక ఫోన్‌లో కదలదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి, ఇంగ్లీషు అక్షరానికి ఒకటి. బైట్లతో హద్దు పెట్టిన పెట్టెలో తెలుగు పేరు పట్టదు. ఇవేవీ దురుద్దేశంతో జరిగేవి కావు. తన దేశాచారాన్ని అందరి ధర్మంగా భావించడం వల్ల జరిగేవి. బౌధాయనుడు ఉత్తర దక్షిణాల మధ్య చూసిన దోషం ఇదే.

చోటు మారకుండానే ఒప్పంద సభలో కూర్చోవచ్చని చూపిన ఉదాహరణ స్పెయిన్‌లోని ఆ కొరున్యా నగరంలో ఉంది. 2001లో మొదలైన ఇగాలియా అక్కడి ఉద్యోగులే యజమానులైన సంస్థ. ఇవాళ పేజీల అమరికకు ప్రాణమైన సీఎస్‌ఎస్ గ్రిడ్‌ను, బ్లూమ్‌బర్గ్ ఆర్థిక సాయంతో, క్రోమియంలోనూ వెబ్‌కిట్‌లోనూ అమలు చేసింది వాళ్లే. 2017 మార్చిలో అది పలు ప్రధాన బ్రౌజర్లలో వారాల తేడాతో వచ్చింది. పెద్ద సంస్థ ఉద్యోగులు కానివారు, సిలికాన్ వ్యాలీలో లేనివారు, లోకమంతా వాడే ప్రమాణానికి రూపమిచ్చారు. తెలుగునాట ఉన్న నైపుణ్యానికి ఇది అందని పనేమీ కాదు. కావలసింది జీతం పనికి బయట ఆ బాధ్యత ఉందన్న గుర్తింపు.

తెలుగు డెవలపర్లు హైదరాబాద్‌లో ఉన్నా, విజయవాడలో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, తాము తయారుచేసే ప్రతి పేజీని ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో, ఒక చవక ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరిచి చూడాలి. తెలుగు పాఠానికి భాష తెలుగని పేజీలో గుర్తు పెట్టాలి. వత్తు తెగితే, అక్షరం విరిగితే ఆ బ్రౌజర్‌వారికి ఫిర్యాదు రాయాలి. అన్ని ఇంజిన్లూ కలిసి వాడుకునే వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ సంకలనం బహిరంగంగా ఉంది. తెలుగు లిపికి సంబంధించిన పరీక్షలు అందులో ఎవరైనా రాసి చేర్చవచ్చు.